తొట్టికి నక్షత్రం తగునా? నక్షత్రానికి తొట్టి తగునా?

సముద్ర నక్షత్రాన్ని చూసి ముచ్చటపడని వాళ్ళు అరుదు. అయిదు చేతులు, వాటి మీద బొడిపెలు, ఎవరో బొమ్మ చేసి రంగు వేసినట్టు ఉంటుంది. అందుకే ఉప్పునీటి అక్వేరియంలో పగడాలను పెంచేవాళ్ళు "ఇందులో ఒక నక్షత్రాన్ని కూడా వేయవచ్చా?" అని అడుగుతుంటారు. విద్యార్థులకూ ఈ సందేహం వస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: చాలా రకాల నక్షత్రాలను అందులో వేయకూడదు. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి పగడాల తరఫున చెప్పేది, రెండవది నక్షత్రం తరఫున చెప్పేది. ఈ రెండవదాన్ని చాలామంది ఆలోచించరు.

మొదట ఈ జీవి సంగతి తెలుసుకుందాం. నక్షత్రచేప అని పిలుస్తాం గాని ఇది చేప కాదు. దీనికి వెన్నెముక లేదు, మెదడు లేదు, మనకున్నటువంటి రక్తమూ లేదు. ఇది కంటకచర్ముల వర్గానికి చెందినది. దీని శరీరంలోని సన్నని గొట్టాలలో సముద్రపు నీటిని పోలిన ద్రవం ఉంటుంది. ఆ ద్రవం ఒత్తిడితో వందలకొద్దీ చిన్న నాళికాపాదాలు కదులుతాయి. నక్షత్రం నడిచేది వాటితోనే, ఆల్చిప్పను పట్టి తెరిచేది కూడా వాటితోనే.

ఇది తినే పద్ధతి ఇంకా విచిత్రం. మనం ఆహారాన్ని కడుపులోకి పంపిస్తాం. చాలా నక్షత్రాలు తమ కడుపునే నోటిగుండా బయటకు తెచ్చి ఆహారం మీద పరుస్తాయి. జీర్ణరసాలతో దాన్ని అక్కడే కరిగించి పీల్చుకొని, కడుపును మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. ఇప్పుడు పగడాన్ని తలచుకోండి. అది రాతికి అంటుకొని ఉండే జీవి. చేపలా ఈది పారిపోలేదు. పక్కకు జరగనూ లేదు. ఇలాంటి జీవికి నక్షత్రం ఎలాంటి పొరుగు అవుతుందో మీరే ఊహించండి!

దుకాణాలలో తరచుగా అమ్మే రకం 'చాకొలెట్ చిప్' నక్షత్రం. శాస్త్రీయ నామం ప్రోటోరియాస్టర్ నోడోసస్. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలో లోతు తక్కువైన చోట్ల, ఇసుక మీద, సముద్రపు గడ్డి మధ్య బతుకుతుంది. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడినా, 30 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. తొట్టిలో వేస్తే మెత్తని పగడాలను, స్పంజికలను, కదలలేని ఇతర జీవులను తినేస్తుంది. రొయ్య ముక్కలు పెడితే అవీ తింటుంది. కనుక దీన్ని పెంచి తీరాలనుకునేవారు పగడాలు లేని వేరే పెద్ద తొట్టి ఏర్పాటు చేసుకోవలసిందే.

నక్షత్రాల ఆకలి ఎంతటిదో ఒక లెక్క చేసి చూద్దాం. 'ముళ్ళకిరీటం' అనే పెద్ద నక్షత్రం ఒకటి ఉంది. అక్వేరియంలో వేసేది కాదు గాని లెక్కకు పనికివస్తుంది. అది ఏడాదికి 10 చదరపు మీటర్ల వరకు పగడాన్ని తినగలదు. తొట్టి పొడవు 120 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. అనుకుంటే అడుగు వైశాల్యం 0.54 చదరపు మీటరు. అడుగంతా పగడాలే పరచినా ఆ నక్షత్రానికి 20 రోజులు చాలవు! ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1985 నుంచి 2012 వరకు పగడాల విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది. ఆ నష్టంలో 42 శాతం ఈ ముళ్ళకిరీటం వల్లనే జరిగిందని శాస్త్రజ్ఞులు 2012లో అంచనా వేశారు.

"అయితే పగడాలను తినని నక్షత్రాన్నే వేద్దాం" అని మీరనవచ్చు. అలాంటివీ ఉన్నాయి. నీలిరంగు లింకియా పగడాల జోలికి పోదు. రాళ్ళ మీద పేరుకొనే సన్నని పొరను, అందులోని సూక్ష్మజీవులను తిని బతుకుతుంది. సముద్రంలో అటువంటి రాళ్ళకు అంతు లేదు. తొట్టిలో ఉండేవి నాలుగు రాళ్ళు. అవి నున్నగా అయిపోయాక దానికి తిండి ఉండదు. అది అరవదు, కొట్టుకోదు. తన శరీరాన్ని తానే ఖర్చు పెట్టుకుంటూ కొన్ని నెలలు గడిపి చనిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందే!" అంటాడు యజమాని. నిజానికి అది తెచ్చిన కొద్దికాలం నుంచే పస్తులుంటోంది.

మరో చిక్కు ఉప్పుతో. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేపలు మొప్పలతో, మూత్రపిండాలతో తమ ఒంటిలోని ఉప్పును సరిచేసుకోగలవు. నక్షత్రానికి ఆ సౌకర్యం లేదు. బయటి నీటిలో ఉప్పు ఎంతో లోపలా అంతే. అందుకే ఉప్పు తేడా ఉన్న నీటిలో ఒక్కసారిగా వేస్తే దాని కణాలు దెబ్బతింటాయి. తొట్టి నీటిని చుక్కచుక్కగా కలుపుతూ గంటల తరబడి అలవాటు చేయాలి.

వీటి బంధువులైన పెళుసు తారలు కొంత నయం. సన్నని చేతులతో రాళ్ళ సందుల్లో తిరుగుతూ మిగిలిపోయిన తిండిని ఏరుకుంటాయి. పగడాల తొట్టిలో చాలావరకు ఇమిడిపోతాయి. వాటిలో కూడా పెద్ద ఆకుపచ్చ రకం ఒకటి చిన్న చేపలను పట్టి తింటుంది. కనుక పేరు తెలియకుండా ఏదీ కొనకూడదు.

ఇదంతా చదివి నక్షత్రం దుష్టజీవి అనుకోకండి. అమెరికాలో రాబర్ట్ పైన్ అనే శాస్త్రజ్ఞుడు 1963లో వాషింగ్టన్ రాష్ట్రపు రాతితీరంలో ఒక ప్రయోగం ప్రారంభించాడు. ఒక చోట నక్షత్రాలన్నిటినీ ఏరి దూరంగా వేస్తూ వచ్చాడు. వాటికి ఆహారమైన మస్సెల్ ఆల్చిప్పలు విపరీతంగా పెరిగి రాళ్ళను ఆక్రమించాయి. మిగతా జీవులకు నిలవడానికి చోటు లేకపోయింది. మొదట 15 జాతులున్న చోట 8 మాత్రమే మిగిలాయని 1966లో ఆయన ప్రకటించాడు. అంటే ఆ తీరంలో నక్షత్రం ఆకలే మిగతా వాటికి చోటు కల్పిస్తోందన్నమాట. అదే ఆకలి గాజు తొట్టిలో వినాశనమవుతుంది. చోటు మారితే గుణం దోషమవుతుంది.

"దగ్గర పెట్టుకుంటే కదా చూసి నేర్చుకునేది" అని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజముంది. కాని ఆకలితో చచ్చే జీవిని చూసి దాని జీవితం గురించి ఏం నేర్చుకుంటాం? ఇలా అమ్మే నక్షత్రాలలో ఎక్కువ భాగం సముద్రం నుంచి పట్టి తెచ్చినవే. ఒకటి చనిపోయి మరొకటి కొన్నప్పుడల్లా ఆ లోటు సముద్రానిదే. పగడాల విషయంలో మన చట్టం ఇంకా గట్టిది. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం నేరం.

సముద్రతీరానికి వెళ్ళినప్పుడు బతికి ఉన్న నక్షత్రం కనిపిస్తే నీటిలోనే ఉంచి చూడండి. వెల్లకిలా పడితే తనంతట తానే ఎలా తిరగబడుతుందో ఓపికగా గమనించండి. తరువాత దాన్ని అక్కడే వదిలి రండి.

ఇక ఎవరైనా మిమ్మల్ని "తొట్టిలో నక్షత్రాన్ని వేయవచ్చా?" అని అడిగితే, మూడు ప్రశ్నలు తిరిగి అడగండి. అది ఏం తింటుంది? ఎంత పెరుగుతుంది? ఎక్కడి నుంచి తెచ్చారు? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పలేనివారు దాన్ని కొనకపోవడమే మంచిది.