కని లేచి కట్టెలకెళ్లిందని చప్పట్లు కొట్టకండి

ఆదివాసీ దినోత్సవ సభలో ఒక వక్త మైకు పట్టుకుని, "మా ఆడవాళ్లు ఎంత గట్టివాళ్లంటే, పొద్దున కని సాయంత్రానికి కట్టెల మోపు ఎత్తుకొస్తారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. సభ అయ్యి ధింసా మొదలైనప్పుడు మా పిన్ని గోడ పక్కనే కూర్చుండిపోయింది. అప్పుడు నా చేతుల మీద నాకే కోపమొచ్చింది.

పిన్ని ఒకప్పుడు వరసలో మొదట నిలబడేది. ఐదో కాన్పు తర్వాత మానేసింది. వయసొచ్చిందన్నారు కొందరు, గర్వమన్నారు కొందరు. అసలు సంగతి నాకు చెప్పడానికి ఆమెకు ఎనిమిదేళ్లు పట్టింది. గెంతితే, దగ్గితే, తుమ్మితే మూత్రం జారిపోతుంది. సాయంత్రానికి కింద ఏదో దిగినట్టు బరువుగా ఉంటుంది. పాత చీర ముక్క మడిచి పెట్టుకుంటుంది. జీపులో సంతకెళ్లే రోజు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టదు.

మన పాటల్లో, కథల్లో, ఉపన్యాసాల్లో ఈ పిన్ని లేదు. మోపెత్తుకొచ్చిన బాలింతే ఉంది. మైదానం వాళ్లు మనల్ని అడవి బలం అని మెచ్చుకుంటే మనకు ఒళ్లు మండాలి, కానీ ఆ మాటే మనం రాసుకుని మురిసిపోతున్నాం. ఆ బలం ఎవరి ఒంట్లోంచి ఖర్చయిందో అడగం.

కటి ఎముకల అడుగున ఊయల గుడ్డలా పరుచుకున్న కండరాలుంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి ఆసరాతోనే నిలబడతాయి. బిడ్డ బయటికొచ్చేటప్పుడు ఆ కండరాలు విపరీతంగా సాగుతాయి, ఒక్కోసారి చినుగుతాయి. మళ్లీ బిగుసుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ రోజుల్లోనే నెత్తి మీద బిందె, వీపు మీద బిడ్డ, పోడులో వంగుడు పని! పైగా చిన్న వయసు పెళ్లి, ఏడాది తిరక్కుండా మరో కాన్పు, మలబద్ధకం, తగ్గని దగ్గు. కడుపులో ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ ఆ ఊయల మీదే పడుతుంది.

ఇది మన ఊరి సిగ్గు కాదు. ప్రాణహిత అవతలి ఒడ్డున, గోండులుండే గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. ఇది 1989లో అచ్చయింది. నేపాల్ కొండల్లో గర్భసంచి జారిన స్త్రీల బాధ కోర్టుకెక్కితే, 2008లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని హక్కుల సమస్యగా తీర్పిచ్చింది. మనం దాన్ని "ఆడవాళ్ల గొడవ" అంటాం.

ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. మా ఊళ్లో వస్తుంది కూడా. బిడ్డ బరువు తూస్తుంది, జ్వరమా, పాలు తాగుతోందా అని అడుగుతుంది. ఆమెను తప్పుపట్టను, ఆమె చేతికిచ్చిన పని అది. కానీ "అమ్మా, నీకు మూత్రం ఆగుతోందా?" అని ఆ ఆరుసార్లలో ఒక్కసారీ వినలేదు. డోలీలో మోసుకెళ్లిన తల్లి బతికి తిరిగొస్తే లెక్క ముగిసినట్టే.

లెక్క ముగిసిన చోట ప్రైవేటు ఆసుపత్రి మొదలవుతుంది. మా పక్కింటి వదిన ఇదే బాధతో కిందికి దిగి వెళ్తే గర్భసంచి తీసేశారు. ఆ ఏటి పసుపంతా దానికే పోయింది. మూత్రం ఇంకా జారుతూనే ఉంది. జారదా మరి? గర్భసంచి తీసేస్తే కండరం బిగుసుకోదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. కొందరికి అది తప్పనిసరే. ఇంతమందికా?

పైసా ఖర్చులేని వైద్యం ఒకటుంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో దాని గురించి రాశాడు. మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు, తొడలు బిగించకూడదు. ఐదు లెక్కపెట్టి వదలాలి, అంతసేపూ విశ్రాంతి. ఎనిమిది పదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఇది చేయకూడదు. దగ్గొచ్చే ముందు, బరువెత్తే ముందు ఒకసారి బిగించుకోవాలి. గర్భసంచి బయటికే వస్తుంటే, మూత్రంలో మంట, రక్తం ఉంటే డాక్టరుకు చూపించాలి. జారిన సంచిని నిలబెట్టే రింగు కూడా ఉంది. ఆపరేషనంటే ముందు దాని సంగతి అడగండి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది, పది చదివే పిల్లలకు గుండె బొమ్మ గీయిస్తున్నారు కదా, ఈ కండరం బొమ్మ కూడా గీయించండి. మగపిల్లల్ని బయటికి పంపకుండానే. "ఇలాంటివి పుస్తకంలో రాస్తారా" అని ఈ సంచిక మీదా అంటారు, అననివ్వండి. "మా అవ్వలు ఇవేమీ లేకుండా బతకలేదా" అనే తమ్ముళ్లు, ఈసారి పెళ్లిలో ధింసా ఆడకుండా గోడ పక్కన కూర్చున్న అవ్వల్ని లెక్కపెట్టి రండి.

పిన్ని ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని బిగించి వదులుతోంది, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. నాలుగో నెల. పోయిన సంతకు నీళ్లు తాగి జీపెక్కింది. బరువెత్తొద్దని ఏఎన్ఎం కూడా చెప్పింది. కొండ కింది ఊట నుంచి నీళ్లు మాత్రం ఇంకా ఆమే మోస్తోంది. ఇంట్లో పెళ్లి కావలసిన కొడుకులు ఇద్దరున్నారు.