అబ్బా రేజర్‌ని కబాడీలో పడేస్తారా?

బోధన్ షక్కర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. డ్యూటీకెళ్లే ముందు అబ్బా గడ్డం ఖత్ దిద్దుకున్న జిల్లెట్ రేజర్ మాత్రం నేటికీ పనిచేస్తోంది. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో కొన్నది. మొన్న మా ఇంట్లోనే దాన్ని కిలో లెక్కన అమ్మబోయారు, తౌబా!

అరే భాయ్, ముందు తిప్పి చూడండి. 1950ల అమెరికా జిల్లెట్‌పై అక్షరం సంవత్సరం, అంకె త్రైమాసికం: మాది సీ2, అంటే 1957 ఏప్రిల్-జూన్. నికెల్ పోయినచోట పచ్చగా మెరిస్తే పీతల్.

వాడటమూ ఆసానే: నొక్కొద్దు, బరువే చాలు, దాదాపు 30 డిగ్రీల వాలు. ఇది వదిలి నెలనెలా ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లు కొనడం ఇస్రాఫ్ కాదా? దీన్ని ‘పాత సామాన్’ అన్నవాడెవడు? కబాడీవాలా, మాఫ్ కర్నా, ఇది ఇవ్వను.