యంత్రం ఎవరి చేతిని ఆదుకుంటోంది?

జుమా నమాజు ముగించుకుని బయటికి వచ్చాక మసీదు ముందు నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకోవడం మనకు అలవాటే. ఈమధ్య ఆ మాటలు ఎక్కడ మొదలైనా చివరికి సెల్‌ఫోను దగ్గరికే వస్తున్నాయి. ఫోను వల్లనే పిల్లలు పాడైపోతున్నారని పెద్దలంటారు. ఫోనే లేకపోతే పని కోసం పుణె పోయిన కొడుకు ముఖం ఎలా చూసేవారని కుర్రవాళ్లు అడుగుతారు. కొత్త యంత్రాలు వస్తే పేదరికం పోతుందని ఒకరు, ఉన్న పని కూడా పోతుందని మరొకరు. అందరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే యంత్రం మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం కంటే, అది ఎవరి చేతి బరువు దించుతోంది, దానివల్ల మిగిలింది ఎవరి ఇంటికి చేరుతోంది అని అడగడం మేలని మాకనిపిస్తుంది.

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనవసరం లేదు. పాత నల్లగొండ జిల్లాలోనే ఉంది. పోచంపల్లి చీర నేయాలంటే, మగ్గం మీదికి పోకముందే, రంగులద్దకముందే నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. సుమారు మీటరు దూరం చెయ్యి చాచి తిప్పుతూ, ఒక్క చీరకు 9,000 సార్లు తిప్పాలి. అంటే కూర్చున్నచోటనే ఆ తల్లి చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టు. చీరకు నాలుగైదు గంటలు పట్టేది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే రాత్రికి భుజం లేచేది కాదు.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధను చిన్ననాటి నుంచీ చూశారు. ఆయన చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. ఇంజనీరింగు పుస్తకాలు చదివినవారు కారు. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, ఊరివారి ఎగతాళి భరించి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ ప్రాంతం యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది గాని, ఆ గౌరవం మనందరిదీ.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ యంత్రం తల్లి చేతి నొప్పిని తీసేసింది గాని చేతిలోని పనిని లాక్కోలేదు. పని ఇంట్లోనే, ఆ మనుషుల దగ్గరే ఉండిపోయింది.

మన దూదేకుల కుటుంబాల అనుభవం వేరు. ఒకప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఇళ్ల ముందు కూర్చుని దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి ఇచ్చేవారు. అదీ తక్కువ కష్టం కాదు. ఎగిరే దూది ధూళి ముక్కుల్లోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోయేది. తర్వాత దూది ఏకే మిషను వచ్చింది. శ్రమ తగ్గిన మాట నిజమే. కాని మిషను కొనగలిగినవారు దుకాణం పెట్టుకున్నారు, కొనలేనివారు ఆ దుకాణంలో కూలికి కుదిరారు, లేదా వేరే పని వెతుక్కున్నారు. ఆ తర్వాత ఫోము పరుపులు వచ్చి దుకాణం గిరాకీనీ తగ్గించాయి. అదీ యంత్రమే, ఇదీ యంత్రమే. కొనే శక్తి ఎవరికుంది, పని ఎవరి దగ్గర మిగిలింది అన్నచోటనే తేడా వచ్చింది.

ఆసు యంత్రంతోనే నేతగాని కష్టాలన్నీ తీరిపోయాయని కూడా అనుకోరాదు. నేతగాళ్లలో చాలామంది ఇతరులిచ్చే నూలును కూలికి నేస్తున్నవారే. చీర ధర వారి చేతిలో ఉండదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, అదే డిజైనును మిల్లు బట్ట మీద అచ్చువేసి చవకగా అమ్మేవారికి కొదవ లేదు. మిగిలిన మూడు గంటలు నేతగాని పిల్లల చదువుకు ఉపయోగపడితే అది అభివృద్ధి. వ్యాపారి లాభంలో కలిసిపోతే, యంత్రం వచ్చినా అంతరం అలాగే ఉంటుంది.

2019 జూన్‌లో మల్లేశం గారి కథ ఆయన పేరుతోనే సినిమాగా వచ్చింది. ప్రియదర్శి ఆ పాత్ర వేశారు. పది మందిని ఒక్క దెబ్బకు పడగొట్టే కథానాయకులకు అలవాటుపడిన మనకు, తల్లి భుజం నొప్పి మీద యుద్ధం చేసిన కథానాయకుడు కనిపించాడు. అయితే సినిమా చూసి కళ్లు తుడుచుకుని, పెళ్లికి మాత్రం అచ్చు చీరే కొంటే మన చప్పట్లతో మగ్గానికి ఏం ఒరిగింది?

పెళ్లి మాట వచ్చింది కనుక ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ధనవంతుని ఇంటి షాదీ ఆ వీధివారికే కనిపించేది. నేడు అది ప్రతి పేద ఇంటి ఫోనులోనూ కనిపిస్తోంది. వైభవం అందరి కళ్లకూ చేరింది, సంపద మాత్రం ఉన్నచోటనే ఉంది. చూసినట్టే వలీమా చేయాలని అప్పు తెచ్చే తండ్రికి ఫోను బరువు దించలేదు, మరో బరువు ఎత్తింది. అదే ఫోను, వలస పోయిన పాలమూరు కూలీకి రాత్రిపూట బిడ్డ ముఖం చూపిస్తే బెంగ తీరుస్తోంది. వస్తువు ఒక్కటే, వాడకం వేరు.

మనం చేయగలిగింది లేకపోలేదు. ఇంట్లో శుభకార్యానికి ఒక్క చీరైనా మగ్గం మీద నేసినదని విచారించి కొందాం. బట్టలు కుట్టినవారికీ, పరుపు కుట్టినవారికీ కూలి రేపు మాపు అనక వెంటనే చెల్లిద్దాం. ఇక ప్రతి యేటా నూటికి రెండున్నర చొప్పున తీసే జకాత్ ఉంది. దాన్ని పదీ ఇరవైగా పంచి, మళ్లీ యేడాదికి అదే చెయ్యి మన ముందు చాచేలా చేయడం కంటే, అర్హులైన ఒక కుటుంబానికి కుట్టుమిషనో మరో పనిముట్టో సొంతంగా సమకూర్చడం గురించి మసీదు కమిటీలు ఆలోచించాలి. మిషను కొనలేకనే గదా మన దూదేకుల అన్నదమ్ములు కూలికి కుదిరింది!

రేపు ఇంకెన్ని యంత్రాలైనా రానివ్వండి. ఒక తల్లి భుజం నొప్పి నుంచి పుట్టిన ప్రశ్ననే వాటినీ అడుగుదాం.