లీసెస్టర్ కాదండీ, లెస్టర్!

యూకేలో సీటొచ్చిన కుర్రాళ్లను ‘ఏ ఊరు?’ అని అడగండి. కొందరు గర్వంగా ‘లీసెస్టర్’ అంటారు. అక్కడ దిగిన వారంలోనే అది ‘లెస్టర్’ అయిపోతుంది. మధ్యలో అక్షరాలు ఏమయ్యాయంటే, ఆ ఊరివాళ్లు ఎప్పుడో మింగేశారు!

వోర్సెస్టర్ అని మనం చదివేది వుస్టర్. గ్లౌసెస్టర్ గ్లాస్టర్. టౌసెస్టర్ అయితే ఏకంగా టోస్టర్, బ్రెడ్ కాల్చుకునేదే! రోమన్లు కట్టిన కోటల్ని లాటిన్‌లో ‘కాస్ట్ర’ అనేవారు. మాంచెస్టర్, లాంకాస్టర్, లెస్టర్... ఈ తోకలన్నీ ఆ ముక్క నుంచే వచ్చాయి. రోజూ పలికే పేరు నోట్లో అరిగిపోయింది, కాగితం మీద మాత్రం అలాగే ఉండిపోయింది. మన రాజమహేంద్రవరం రాజమండ్రి కాలేదూ? 2015లో పాత పేరును మళ్లీ అధికారికం చేశారు. అయినా బస్సు కోసం పరిగెత్తేవాడు ‘రాజమండ్రి’ అనే అరుస్తాడు.

సరే, రూల్ దొరికిందని సంబరపడకండి. సైరన్‌సెస్టర్‌ని ఇప్పుడు దాదాపు ఉన్నదున్నట్టే పలుకుతారు. నార్‌ఫోక్‌లో ‘వైమండ్‌హామ్’ అని రాసి ఉన్న ఊరు ‘విండమ్’. అదే స్పెల్లింగ్‌తో లెస్టర్‌షైర్‌లో ఇంకో ఊరుంది, అక్కడ మాత్రం రాసినట్టే అనాలి. ‘చదవడం’ అనే స్పెల్లింగున్న ఊరేమో రెడింగ్. ఇక నార్‌ఫోక్ సముద్రం ఒడ్డున ‘హాపిస్‌బర్గ్’ అని బోర్డున్న ఊరిని లోకల్స్ ‘హేజ్‌బరా’ అంటారు. దాన్ని లండన్‌వాడు కూడా ఊహించలేడు.

అందుకే చెప్తున్నా, ఇందులో మనం నామోషీ పడాల్సింది ఏమీ లేదు. ఊరి పేరు తప్పు పలుకుతామేమోనని టికెట్ కౌంటర్ దగ్గర నోరు విప్పకుండా ఫోన్ స్క్రీన్ చూపించేవాళ్లున్నారు. ఎందుకంత భయం? అక్కడ దొరికిపోయేది మన తెలుగు యాస కాదు, ఆ ఊరిని చెవితో కాకుండా కంటితో తెలుసుకున్నామన్న సంగతి. పక్క జిల్లా ఇంగ్లిష్‌వాడు కూడా అలాగే దొరికిపోతాడు.

లఫ్‌బరా సంగతి చూడండి. ఆ స్పెల్లింగ్‌లో ఓ-యూ-జీ-హెచ్ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ‘అఫ్’, రెండోసారి ఉత్త ‘అ’. బయటివాళ్లు దాన్ని ‘లూగబరూగ’ అని చదువుతారని పాత జోకు. ఊరివాళ్లు కోప్పడలేదు సరికదా, అక్కడ జరిపిన పిల్లల పుస్తకాల పండుగకి ‘లూగబరూగ ఫెస్టివల్’ అనే పేరు పెట్టుకున్నారు.

ఒక్కోసారి బయటివాళ్లే గెలుస్తారు కూడా. నార్తాంప్టన్‌షైర్‌లోని డావెంట్రీని ఒకప్పుడు ‘డెయిన్‌ట్రీ’ అనేవారు. షేక్‌స్పియర్ ‘ఆరో హెన్రీ’ మూడో భాగంలోనూ పేరు అలాగే ఉంటుంది. 1925లో బీబీసీ అక్కడ ట్రాన్స్‌మిటర్ పెట్టింది. రేడియోలో వినిపించింది మాత్రం డావెంట్రీ. ఇప్పుడు డెయిన్‌ట్రీ అనేవాళ్లను వెతుక్కోవాలి. నాకైతే ఆ పాత పేరే ముద్దుగా ఉంది.

ష్రూజ్‌బరీలో అయితే గొడవ ఇంట్లోనే. ‘ష్రోజ్‌బరీ’ అనాలని సగం మంది, కాదని మిగతావాళ్లు. వాళ్లే తేల్చుకోలేదు, ఇక మనల్ని తప్పుపట్టేదెవరు?

మన దగ్గర విచిత్రం ఇంకోటి. హనుమ విహారి 2021లో, సిరాజ్ 2022లో ఆడిన కౌంటీ పేరు ‘వారిక్‌షర్’. మనం రాసుకున్నది ‘వార్విక్‌షైర్’. విన్న శబ్దాన్ని విన్నట్టు రాసుకునే లిపి మనది. దాన్ని పెట్టుకుని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని అక్షరం అక్షరం దించేస్తున్నాం! అక్కడున్న మనవాళ్లూ, మీ ఊరి పేరు మీ పక్కింటి పెద్దాయన ఎలా అంటాడో అచ్చం అలాగే తెలుగులో రాసి పంపండి. స్పెల్లింగ్ చూడొద్దు.