ఉరుము వినపడితే పని ఆపాలి, కూలి మాత్రం కొయ్యకూడదు



మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్‌లు, నోటిఫికేషన్లు, హాస్టల్ సీట్ల గురించే రాసుకుంటాం. ఈసారి పిడుగుల గురించి రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

పిడుగుకు కులం లేదు, నిజమే. కానీ మబ్బు పట్టిన వేళ ఆరుబయట ఎవరుంటారో వాళ్లకే అది ఎక్కువ తగులుతుంది. మన కలమల్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఆ వేళకు బయట ఉండేదెవరు? మేకలు తోలుకుపోయినోళ్లు, అరటి గెలలు మోసే కూలీలు, నాపరాయి గనుల్లో బండలు తీసేవాళ్లు, వాగుల్లో చేపలు పట్టేవాళ్లు. సుగాలీలు, యానాదులు, ఎరుకలోళ్లు వీళ్లలో ఎంతమంది ఉన్నారో మనకు తెలీనిది కాదు. 2025 మార్చిలో గాలివానకు లింగాల మండలంలో అరటి తోటలు పడిపోతే నాయకులొచ్చారు, ఎకరాలు లెక్క రాశారు. రాయాల్సిందే, రైతు నష్టం చిన్నది కాదు. కానీ అలాంటి గాలి లేచినప్పుడు తోటలో ఉన్న కూలీ యాడికి పోవాల అని ఎవరూ అడగరు.

ఇది చిన్న సంగతేం కాదు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయి. దేశంలో ఏటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకే చనిపోతున్నారు.

హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా మెసేజ్‌లు పంపుతుంది. పుణెలోని ఐఐటీఎం వాళ్లు చేసిన దామిని యాప్ మనకు 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. మంచిదే. కానీ మేకలు కాసే అవ్వ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండదు. ఉన్నా గుట్ట వెనక సిగ్నల్ ఉండదు. తొలి తెలుగు శాసనం మా ఊళ్లోనే దొరికిందని గొప్పగా చెప్పుకుంటాం, అదే ఊళ్లో వచ్చిన మెసేజ్ చదవలేని పెద్దోళ్లున్నారు. అమెరికాలో టోర్నడోలు వచ్చే ఊళ్లలో సైరన్లు పెట్టుకున్నారు. అవి ముఖ్యంగా ఆరుబయట ఉన్నోళ్ల కోసం. మన తండాలో సైరన్ లేదు గానీ గుడి మైకు ఉంది, బడి గంట ఉంది. ఫోన్ చూసి మైకు పట్టుకునే మనిషే లేడు. ఆ మనిషి మనమే కావాలని మా అభిప్రాయం.

ఇంకో మాట. ఉరిమితే ఇంటికి పొమ్మని చెప్పడం తేలిక. గుత్త పనిలో మధ్యాహ్నం మూడుకే వచ్చేస్తే కూలి తెగిపోతుంది. అందుకే ఒక్క చినుకు పడే దాకా చూద్దాంలే అని ఆగుతారు. కానీ పిడుగు వాన కోసం ఆగదు, వాన మొదలవకముందే పది కిలోమీటర్ల అవతలి మబ్బు నుంచి కూడా పడగలదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లంటే కిలోమీటరు దూరం. 30 సెకన్ల లోపే ఉరుము వినపడితే ప్రమాదంలో ఉన్నట్టే. లెక్క కుదరకపోతే ఒకటే గుర్తు: ఉరుము వినపడిందంటే దిగిపోవాల. తోట రైతులతో, గని మేస్త్రీలతో సీజన్ మొదట్లోనే పెద్దల్ని పెట్టి మాట్లాడుకోవాల, పిడుగు వల్ల ఆగిన గంటలకు కూలి కొయ్యకూడదని. ఇది దయ కాదు, ప్రాణం ధర.

యాడికి పోవాల? మిద్దె ఇల్లు, బడి, సచివాలయం. లేదంటే ఆర్టీసీ బస్సు, అద్దాలు ఎత్తిన కారు, లారీ క్యాబిన్. కొట్టం, పొలంలో రేకుల షెడ్డు, ఆటో, ట్రాక్టరు, బైకు కాపాడవు. చెట్టు కింద అసలొద్దు. చెట్టుమీద పడిన పిడుగు కాండం నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. నాలుగు కాళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టే చెట్టు కింద చేరిన ఎనుములు, గొర్రెలు ఒక్క దెబ్బకు గుంపుగా చచ్చిపోతాయి. థర్మల్ ప్లాంటు చిమ్నీలు ఎత్తుగా ఉన్నాయి కదా అనుకోవద్దు, వాటి రక్షణ వాటి చుట్టూ కొంచెం దూరమే. దారిలో చిక్కుకుంటే గుట్ట మీద నుంచి దిగండి, నీళ్లకూ కంచె తీగకూ దూరం జరగండి, గుంపుగా నిలబడొద్దు, నేలమీద పడుకోవద్దు. ఇంట్లో ఉన్నోళ్లు మోటారు స్విచ్చు, కొళాయి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోను ముట్టుకోవద్దు.

"అర్జునా, ఫల్గుణా" అనుకునే పెద్దోళ్లను ఎగతాళి చెయ్యొద్దు. అనుకుంటూనే లోపలికి రమ్మని చెప్పండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాల. తెగిన కరెంటు తీగ కనపడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పాల.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. 108కి ఫోన్ చేసి, ఊపిరి లేకపోతే వెంటనే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాల. ఆగిన గుండె తిరిగి కొట్టుకునే అవకాశం ఉంది. పేడలో కప్పెట్టి కూర్చుంటే ఆ నిమిషాలు పోతాయి. ప్రాణం పోతే ఏడుస్తూనే అయినా పోలీసులకు, తహశీల్దారుకు చెప్పి పోస్టుమార్టం చేయించాల. ఆ కాగితం లేకుండా అంత్యక్రియలు చేసేస్తే 4 లక్షల పరిహారం అడగడం కష్టమైపోతుంది. మనోళ్ల ఇళ్లలో ఎక్కువగా జరిగే నష్టం ఇదే.

మేం అడిగేది మూడే. తండాకు ఇద్దరు చొప్పున మైకు బాధ్యత తీసుకోండి. సెలవుల్లో బడి తాళంచెవి తండాలోనే ఒకరి దగ్గర ఉంచమని పంచాయతీలో అర్జీ ఇవ్వండి. కూలి మాట మేస్త్రీలతో తేల్చండి. విపత్తుల సంస్థ నంబరు 1070, రాసిపెట్టుకోండి.

చదువుకున్న మొదటి తరం మనం. ఉద్యోగం రావడానికి ఇంకా టైం పట్టొచ్చు, మైకులో నాలుగు మాటలు చెప్పడానికి మాత్రం ఈ చదువు చాలు. మీ తండాలో ఆ ఇద్దరు ఎవరో కింద రాయండి.