మ్రింగుడుపడని ముద్ద, తడబడు గుండె

గత మాసమున నొక సోదరి మాకొక జాబు వ్రాసినది. గట్టిపదార్థము మ్రింగునపుడు గొంతులో నిలిచిపోయినట్లుండునట. గుండె యొక్కొకమారు దడదడలాడి, యొక్కొకమారు ఆగి మరల కొట్టుకొన్నట్లు తోచునట. ఏడాదిగా నిట్లే యున్నను ఇంటిలో నెవ్వరికిని చెప్పలేదు. అందఱును భుజించిన పిదప నొంటరిగా కూర్చుండి, అన్నమును మజ్జిగతో పలుచన చేసికొని త్రాగుచున్నది గావున నెవ్వరి కంటను పడలేదు. “ఈ రెంటికిని సంబంధ మున్నదా? నేనేమి చేయవలెను?” అని యడిగినది.

మేము వైద్యులము గాము. చదివి తెలిసికొన్నంత మాత్రమే చెప్పెదము. రోగనిర్ణయము పరీక్షించి చూచినవారే చేయవలెను.

ఈ రెండును వేఱువేఱు కారణములచే కలుగవచ్చును. ఒకే మూలమునుండి పుట్టుటయు కలదు. అందులో స్త్రీలు ముందుగా తలపవలసినది రక్తహీనత. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. రక్తమున సత్తువ తగ్గినపుడు, దేహమునకు కావలసిన ప్రాణవాయువు నందించుటకై గుండె వడిగా కొట్టుకొనును. ఇనుము లోపము చిరకాలము నిలిచినచో, కొందఱు స్త్రీలకు అన్నవాహిక పైభాగమున పలుచని పొర యడ్డుగా నేర్పడును. అప్పుడు ద్రవములు దిగును గాని ముద్ద దిగదు. నాలుక నున్ననై మండుట, పెదవుల మూలలు చిట్లుట, గోళ్లు గరిటెవలె గుంటపడుట దీనితోడి గుర్తులు. 1919లో ప్యాటర్సన్, బ్రౌన్ కెల్లీ యను నిరువురు వైద్యులు దీనిని విడివిడిగా వర్ణించిరి. ప్లమ్మర్, విన్సన్ అనువారి పేరనే నేడెక్కువగా వ్యవహరింతురు. ఇది యరుదైనదే. పలువురికి ఇనుము మందుతోనే గుణమిచ్చును. పొర మిగిలినచో ఎండోస్కోపీ గొట్టముతో వెడల్పు చేయుదురు. కొందఱి కాచోట పుట్టకురుపు కలుగు భయముండుటచే, నెమ్మదించినను వైద్యుని విడువరాదు.

రెండవది థైరాయిడ్ గ్రంథి. మన ప్రాచీనులు గళగండమని సుశ్రుతసంహితయందు చెప్పిన వాపు ఇచ్చటిదే. గ్రంథి పెరిగి అన్నవాహికను నొక్కవచ్చును. దాని రసము మితిమీరినచో గుండె లయ తప్పును, చేతులు వణకును, తిన్నను చిక్కిపోవుదురు.

మూడవది, బాల్యమున కీళ్లవాతజ్వరము వచ్చి గుండెకవాటము చెడియుండుట. అపుడు ఎడమ కర్ణిక ఉబ్బును. అన్నవాహిక సరిగా దాని వెనుకనే యుండుటచే, మిక్కిలి యుబ్బినపుడు ఒత్తిడి తగులుటయు కలదు. ఈ పొరుగుతనమును వైద్యులు మేలుగా వాడుకొనుచున్నారు: అన్నవాహికలోనికి సన్నని యంత్రమును దింపి, వెనుకనుండి గుండెను చూతురు.

గుబులుచేత గొంతున ఉండ కట్టినట్లుండుటయు నిజమే. కాని యది సాధారణముగా ఏమియు తిననపుడు తోచును. ముద్ద మాత్రము దిగును. ఆడుది చెప్పుకొన్నంతనే “అంతయు నీ మనస్సే” యని త్రోసివేయుట మాకు సమ్మతము గాదు. పరీక్షలు ముగిసిన పిదప నామాట యనవచ్చును.

వైద్యుని యొద్దకు పోవు ముందు ఒక కాగితముపై వ్రాసికొనుడు: అన్నమే నిలుచునా, నీరును నిలుచునా? నానాటికి హెచ్చుచున్నదా? బరువు తగ్గినదా? ఏయే మాత్రలు వాడుచున్నారు? గుండె తడబడినపుడు మణికట్టున నాడి పట్టి పూర్తిగా నిమిషము లెక్కింపుడు. లెక్కకంటె లయ ముఖ్యము. ఇద్దఱు స్త్రీలు ఒక రోట దంచునపుడు రోకటిపోటులు వరుసగా పడును గదా. ఒకటి తప్పి మరల వరుస కుదిరినదా, లేక మొదటినుండి వరుసయే లేదా యని గమనింపుడు. వరుస యెంతమాత్రమును లేని నాడిని ఉపేక్షించిన, గుండెలో రక్తము గడ్డకట్టి మెదడున కెక్కి పక్షవాతము తెచ్చు ప్రమాదము కలదు. రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, ఈ.సి.జి. మొదట చేయుదురు. తడబాటు ఈ.సి.జి. వేళకు దొరకనిచో, ఒకదినమెల్ల దేహమున ధరించు హోల్టర్ యంత్రము నిత్తురు.

మూర్ఛ, ఱొమ్మునొప్పి, ఆయాసము, ఉమ్మియు మ్రింగలేకుండుట, లేక అకస్మాత్తుగా మూతి వంకరపోయి మాట తడబడుట కలిగిన తెల్లవారువఱకు ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. మూతి వంకరపోయినవారికి నోట నీరైనను పోయరాదు.

మఱియొక మాట. మాత్రను గ్రుక్కెడు నీటితో మ్రింగి వెంటనే పరుండు నలవాటు మన యిండ్లలో నెక్కువ. అది దారిలో నిలిచి అన్నవాహికను పుండు చేయగలదు. ఎముకల బలమునకిచ్చు కొన్ని మాత్రలకు ఇది మఱింత నిజము. కూర్చుండి నిండు గ్లాసు నీటితో పుచ్చుకొని, అరగంట పరుండకుడు. ఇనుము మాత్రను కాఫీ, తేనీళ్లతో పుచ్చుకొనకుడు. అవి యినుమును ఒంటబట్టనీయవు. కాఫీ మానుమనుట లేదు, అంత సాహసము మాకును లేదు. రెండుగంటల యెడము పాటించిన చాలును.