గన్నవరం మీద మంచు

మా అక్కయ్య కూతురి పెళ్లి రెండేళ్ల క్రితం మాఘమాసంలో జరిగింది. ముహూర్తం ఉదయం 9 గంటల 12 నిమిషాలకు. కల్యాణమండపం గన్నవరం విమానాశ్రయానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవలసినవాడు మేనమామ. ఆ హోదా గలవాళ్లం ఇద్దరమున్నాం, అన్నయ్యా నేనూ. పెద్దవాడు కనక అన్నయ్యే తేవాలని నిర్ణయమైంది. నా మోకాళ్ల సంగతి తెలిసినవారెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు.

అసలు సంగతి బుట్ట కాదు. ఊళ్లో నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు అన్నయ్యకూ అక్కయ్యకూ మాటా మాటా వచ్చి, నాలుగేళ్లుగా పలకరింపులు లేవు. అలాంటిది ఈ పెళ్లికి అన్నయ్య తనంతట తానే ఫోను చేసి, "బుట్ట నేనే పట్టుకుంటాను, ఇంకెవరికీ చెప్పకండి" అన్నాడు. ఆ పూట అక్కయ్య కళ్లొత్తుకుంటూ నెపం ఉల్లిపాయల మీద పెట్టింది. ఆఫీసులో ఆడిట్ ఉండడంవల్ల అన్నయ్య ముందురోజు బయల్దేరలేక, తెల్లవారి మొదటి విమానానికి హైదరాబాదులో టిక్కెట్టు కొన్నాడు. గంట ప్రయాణం. ముహూర్తానికి బోలెడు వ్యవధి ఉందనుకున్నాం.

తెల్లవారేసరికి మండపం ముందు వేసిన పందిరి కనిపించడం లేదు. పందిట్లో ఉన్నవాళ్లకు వీధి కనిపించడం లేదు. పాలవాడు గంట కొడుతూ వచ్చాడు గాని, గంట తర్వాత చాలాసేపటికి మనిషి కనిపించాడు. ఏడున్నర దాటాక పైనెక్కడో విమానం చప్పుడు వినిపించింది. అక్కయ్య చేతిలోని పసుపుగిన్నె కింద పెట్టి వాకిట్లోకి పరుగెత్తింది. "అన్నయ్య వచ్చేశాడురా!" అంది. అందరం తలలెత్తి ఆ తెల్లదనంలోకి చూశాం. చప్పుడు తూర్పుకు పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అలా అరగంట. ఆఖరికి పడమటివైపు పోయి, సన్నగిల్లి, మరి రాలేదు.

విమానం హైదరాబాదు తిరిగి వెళ్లిపోయింది. తొమ్మిది దాటాక అన్నయ్య ఫోను చేస్తే అక్కయ్య తీసుకోలేదు. "రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయి, బస్సులు తిరుగుతున్నాయి, ఆయన విమానానికే మంచు అడ్డమొచ్చిందా? రావాలని ఉండాలి గాని!" అంది. బుట్ట నేనే పట్టుకున్నాను. ఆ వివరాలు ఇక్కడ అప్రస్తుతం. అన్నయ్య కారు కట్టించుకుని మధ్యాహ్నం మూడింటికి, అప్పగింతల వేళకు చేరాడు. అక్కయ్య కూతురిని పట్టుకుని ఏడుస్తూ, ఆయన నిలబడ్డవైపు తిరగకుండానే ఏడ్చింది.

నిజం చెప్పాలంటే లారీల వాదం నాకూ సబబుగానే తోచింది. ఇంతదూరం వచ్చినవాడు, నెత్తిమీద అరగంట తిరిగినవాడు, ఒక్కసారి దిగి చూస్తే ఏం పోయిందని ఆ పైలట్‌ను మనసులో చాలా మాటలన్నాను. ఆ మాటలు వెనక్కు తీసుకోవలసివచ్చింది మొన్నటి వేసవిలో. నా పాతశిష్యుడొకడు ఓ చిన్న విమానాశ్రయంలో వాతావరణ పరిశీలకుడుగా ఉన్నాడు. తన పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, మాటల్లో నా ఫిర్యాదు విన్నాడు.

"మాస్టారూ, దిగే విమానం వేగం ఎంతనుకున్నారు? చిన్న విమానమైనా గంటకు రెండువందల కిలోమీటర్లు దాటే ఉంటుంది. అంటే సెకనుకు దాదాపు 60 మీటర్లు. ఆ రోజు 50 మీటర్ల వరకే కనిపిస్తుంటే, రన్‌వే కళ్లబడ్డాక ఆలోచించుకోవడానికి ఒక్క సెకను కూడా లేదు. లారీవాడు మెల్లగా పోగలడు, అవసరమైతే పక్కకు తీసి ఆపుకోగలడు. ఆకాశంలో పక్కకు తీసి ఆపే చోటు లేదు కదండీ" అన్నాడు.

నాకు తెలిసిన తెలుగులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇక తక్కినవన్నీ అడిగాను.

పైలట్‌కు కిందివాళ్లు పంపే వాతావరణ సమాచారానికి మెటార్ అని పేరు. అరగంటకో గంటకో ఒకసారి తయారవుతుంది, మధ్యలో వాతావరణం చటుక్కున మారితే ప్రత్యేకంగా మరొకటి. ప్రపంచమంతటా ఒకే రకం అక్షరాలు, అంకెలు. ముందు గాలి. అది ఏ దిక్కునుంచి వస్తున్నదో మూడంకెల్లో, ఎంత జోరుగా ఉన్నదో రెండంకెల్లో. గాలిని అది వచ్చే దిక్కుతో పిలవడం మన పల్లెల్లోనూ ఉన్నదే. పడమటిగాలి అంటే పడమటినుంచి వచ్చేది. రన్‌వే పేరు కూడా దిక్కే. గన్నవరం రన్‌వే ఒక కొసన 08, రెండో కొసన 26 అని రాసి ఉంటుంది. ఉత్తరం నుంచి లెక్కపెడితే 80 డిగ్రీలు, 260 డిగ్రీలు, చివరి సున్న తీసేసి. విమానం ఎదురుగాలిలోకి దిగాలి కనక, గాలినిబట్టి ఏ కొసనుంచి రావాలో తేలుతుంది.

గాలి తర్వాత చూపు ఎంతదూరం ఆనుతున్నదో మీటర్లలో. పూర్వం నుంచీ పరిశీలకులు దీనికి వాడే ఉపాయం మన తాతల ఉపాయమే. ఫలానా నీళ్లటాంకు ఇంతదూరం, ఫలానా గుట్ట ఇంతదూరం అని ముందే కొలిచి పెట్టుకుని, ఏది కనిపిస్తే అంత. రాత్రిళ్లు దీపాలు. రన్‌వే పొడుగునా చూపు ఎంత ఉన్నదో కొలవడానికి యంత్రాలున్నాయి. ఒక పక్కనుంచి వెలుగు పంపి, రెండో పక్కకు అందులో ఎంత చేరిందో చూసి లెక్కగడతాయి.

ఆ తర్వాత వచ్చే రెండక్షరాలు నన్ను బాగా ఆకర్షించాయి. వెయ్యి మీటర్లకన్న తక్కువ కనిపిస్తే ఎఫ్‌జీ అని రాస్తారట, అంటే పొగమంచు. అంతకన్న మెరుగైతే బీఆర్, పలచని మంచు. బీఆర్ అన్నది బ్రూమ్ అనే ఫ్రెంచి మాటకు పొట్టిరూపం. వడగళ్లకూ పొగకూ కూడా ఫ్రెంచి మాటలే. మనకు మంచంటే రాత్రి ఆకుమీద పడేదీ మంచే, పొద్దున దారి మూసేదీ మంచే, హిమాలయం మీద గడ్డకట్టేదీ మంచే. అమరకోశం నీహారాన్నీ తుషారాన్నీ తుహినాన్నీ హిమాన్నీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. కవికి అది సౌకర్యమే. క్లాసులో ఆ పర్యాయపదాలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పించే నాకు, వాటి మధ్య ఒక వెయ్యి మీటర్ల హద్దురాయి పాతవచ్చునన్న ఊహ ఏనాడూ రాలేదు.

చివర ఉష్ణోగ్రత, దాని పక్కనే మంచుబిందువు. అంటే గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటితుంపరగా మారుతుందో ఆ అంకె. ఈ రెండంకెలూ దగ్గరపడుతుంటే పరిశీలకుడు కాఫీ తాగడం మాని కిటికీ దగ్గర నిలబడతాడట. గన్నవరం కృష్ణా డెల్టా అంచున ఉంది. చుట్టూ కాలువలు, చెమ్మదేరిన పొలాలు. చలికాలపు రాత్రి మబ్బు లేకుండా నక్షత్రాలు బాగా కనిపిస్తే మనం ముచ్చటపడతాం. మబ్బు దుప్పటి లేని ఆ రాత్రే నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడిపోతుంది. దాన్ని అంటిన గాలీ చల్లబడుతుంది. గాలి బొత్తిగా కదలకపోతే తెల్లవారుజామున మంచు పట్టుకుంటుంది. పొద్దు పొడవగానే పోతుందనుకుంటాం గాని, తొలి కిరణాల కదలికకు కాసేపు మరింత ముదరడం కద్దు. ఏడున్నర విమానాల దురదృష్టం అదే.

గాలి బరువు కూడా ఆ వరసలోనే ఉంటుంది. విమానంలో ఎత్తు చూపే ముల్లు దానిమీదే ఆధారపడుతుంది. ఆ అంకెలో ఒక్కటి తేడా వస్తే ఎత్తులో సుమారు 28 అడుగుల తేడా. ఓ మోస్తరు కొబ్బరిచెట్టంత!

"మరి ఢిల్లీలో మంచులోనూ దిగుతారటగా?" అన్నాను.

అక్కడి యంత్రసామగ్రి వేరు, విమానం వేరు, పైలట్‌కు ఇప్పించిన శిక్షణ వేరన్నాడు. అన్నీ కుదిరితే ఢిల్లీలో 50 మీటర్ల చూపుతో కూడా దిగవచ్చు. మొదటి తరగతి యంత్రమైతే రన్‌వే మీద మామూలుగా 550 మీటర్లు కనిపించాలి. 200 అడుగుల ఎత్తుకు దిగేసరికి దీపాలు కంటబడకపోతే మళ్లీ పైకి లేపవలసిందే. ఇందులో పైలట్ ధైర్యానికి పని లేదు. తిరిగి ఏ ఊరు వెళ్లాలో బయల్దేరకముందే నిర్ణయించి, అక్కడిదాకా పోవడానికీ ఆ పైన కాస్త ఎదురుచూడడానికీ సరిపడా ఇంధనం పోసుకుంటాడు. ఆ వాటా ముట్టుకోకుండా ఎంతసేపు తిరగగలడో అంతసేపు తిరిగాడన్నమాట. ఆ అరగంటా అతను మాకోసం తిరిగిన తిరుగుడే.

మంచు ఒక్కటే కాదు, నేల సంగతీ ఉంది. గన్నవరంలో ఒకప్పుడు 2286 మీటర్లున్న రన్‌వేను 3360 మీటర్లకు పొడిగించారు. పొడుగు ఎంతున్నా తడిస్తే లెక్క మారుతుంది. 2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి వచ్చింది. రన్‌వేను మూడు భాగాలు చేసి ఒక్కొక్కదానికీ మార్కులేస్తారు. పొడిగా ఉంటే 6, తడిగా ఉంటే 5, మూడు మిల్లీమీటర్లు మించి నీళ్లు నిలిస్తే 2. సున్న వస్తే అసలు దిగకూడదు. నేను వేసే మార్కులకన్న ఇవి న్యాయమైనవి, ఎవరూ రీవాల్యుయేషన్ అడగరు.

5 నుంచి ఒక్కసారిగా 2 కు ఎందుకు పడిపోవాలంటే, నీరు నిలిచిన నేలమీద జోరుగా పోయే చక్రం నేలను వదిలి నీటిపొరమీద తేలుతుంది. ఏ వేగంలో తేలుతుందో లెక్కకట్టే సూత్రం చిన్నదే. టైరులోని గాలి ఎన్ని పౌన్లో దాని వర్గమూలాన్ని తొమ్మిదితో హెచ్చవేస్తే నాట్లలో వేగం వస్తుంది. పెద్ద విమానం టైరులో 200 పౌన్లనుకుంటే 127 నాట్లు, అంటే గంటకు 235 కిలోమీటర్లు. దాదాపు దిగే వేగమే! మీ కారు టైరులో 32 పౌన్లుంటే గంటకు 94 కిలోమీటర్లు. వర్షంలో జాతీయరహదారి మీద పిల్లలతో వెళ్లేవారు ఈ అంకె ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

2020 ఆగస్టు 7 రాత్రి కోళిక్కోడులో జరిగింది మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. దుబాయి నుంచి జనాన్ని తెచ్చిన విమానం. కొండమీద పరిచిన రన్‌వే, జోరువాన. ఒకసారి దిగబోయి పైకి లేచి, రెండోసారి వెనకగాలితో వచ్చి, 8858 అడుగుల రన్‌వేలో సగం గడిచాక నేలను తాకింది. పక్కనున్న పైలట్ మళ్లీ లేపమన్నా లేపలేదని దర్యాప్తులో తేలింది. 21 మంది పోయారు. ఇంటి గుమ్మం దాకా వచ్చి! అది చెబుతున్నప్పుడు మావాడి గొంతు కొద్దిగా మారింది.

వెళ్లేముందు, "ఆ రోజు తేదీ చెప్పండి మాస్టారూ, పాత మెటార్లు దొరుకుతాయి" అన్నాడు. నాలుగు రోజుల్లో నా ఫోనుకు పంపాడు. దాన్ని కాగితం మీద రాసుకుని అక్కయ్య ఇంటికి వెళ్లాను. ఉదయం ఏడున్నర. గాలి అయిదు సున్నలు. చూపు 50 మీటర్లు. ఎఫ్‌జీ. ఉష్ణోగ్రత 17, మంచుబిందువు 17.

అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ ఒక్క పంక్తినీ చాలాసేపు చదివింది. "ఇందులో అన్నయ్య ఎక్కడున్నాడురా?" అంది.

"పైన" అన్నాను.

కాగితం మడిచి, డబ్బు దాచుకునే పోపులపెట్టెలో పెట్టి, లోపలికి వెళ్లింది. కాసేపటికి వదినకు ఫోను చేస్తున్న మాటలు వినిపించాయి.

"దసరాకు నాలుగు రోజులు ముందే రండి వదినా. అన్నయ్యతో చెప్పు, ఆ విమానం వద్దని, రైల్లో రమ్మని."